ఆమ్లాన్ని అంకెల్లో పెట్టిన రైతు బిడ్డ సోరెన్‌సెన్

మేము ఇంటర్ రెండో సంవత్సరం చదివే రోజుల్లో ఒక మోడల్ పరీక్షలో ఒక చిన్న ప్రశ్న వచ్చింది. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణం పీహెచ్ విలువ ఎంత? కింద నాలుగు జవాబులు. మన హాస్టల్ నుండి ఆ పరీక్ష రాసిన వాళ్లలో ముగ్గురు తప్ప అందరం 8 అని గుర్తు పెట్టి వచ్చాం. అందులో ఆలోచించడానికి ఏముంది? పది మీద ఉన్న ఘాతం తీసుకో, మైనస్ గుర్తు కొట్టేయ్, వచ్చిన అంకె రాసేయ్. అలా ముప్పై లెక్కలు చేశాం, ముప్పైకీ మార్కులు వచ్చాయి. ఇది ముప్పై ఒకటో లెక్క అనుకున్నాం.

ఆ ముగ్గురిలో ఒకడు మా గదిలోనే, కిటికీ పక్కన ట్రంకు పెట్టె పెట్టుకుని చదివేవాడు. వాడు ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసి వచ్చాడు. మర్నాడు క్లాసులో లేచి నిలబడి, పీహెచ్ ఏడు దాటితే క్షారం కదా, నీళ్లలో ఆమ్లం పోస్తే అది క్షారం ఎలా అవుతుంది అని అడిగాడు. టైము లేదు, సూత్రం బట్టీ పట్టుకో, కూర్చో అన్నారు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. దాచుకోవడం ఎందుకు, మేమే ముందు నవ్వాం. ఆ తర్వాత వాడు కెమిస్ట్రీలో ఏ ప్రశ్నా అడగలేదు. డిగ్రీలో బీఏ తీసుకున్నాడు.

ఈ సంచికకు ఏదైనా రాయండని కబురు వచ్చినప్పుడు వాడే ఫోన్ చేసి ఆ లెక్క గుర్తుందా అని అడిగాడు. ఇరవై ఏళ్లు దాటినా వాడు మరచిపోలేదు. అందుకని ఈసారి పీహెచ్ అనే కొలతను కనిపెట్టిన శాస్త్రవేత్త జీవితం రాద్దామనుకున్నాం. ఆయన జీవితం చెబుతూ ఉంటే మధ్యలో ఆ లెక్క దానంతట అదే వస్తుంది.

ఆయన పూర్తి పేరు సోరెన్ పీటర్ లారిట్జ్ సోరెన్‌సెన్. 1868 జనవరి 9న డెన్మార్క్ దేశంలో హావ్రెబ్యెర్గ్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి రైతు. పద్దెనిమిదో ఏట చదువు కోసం కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మొదట చేరింది వైద్యంలో. ఇంట్లో వాళ్లకు డాక్టరు కావాలనే కోరిక ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. కానీ అక్కడ యోర్గెన్‌సెన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడి ప్రభావం ఆయన మీద పడింది. వైద్యం వదిలి రసాయన శాస్త్రంలోకి మారిపోయాడు.

ఈ యోర్గెన్‌సెన్ ఎవరో ఇంటర్, డిగ్రీ చదివిన వాళ్లకు చెబితే గుర్తొస్తుంది. సమన్వయ సమ్మేళనాల పాఠంలో వెర్నర్ సిద్ధాంతం చదువుకున్నాం కదా. ఆ వెర్నర్‌తో ఏళ్ల తరబడి వాదించి, చివరకు ప్రయోగాలు వెర్నర్ వైపు ఉన్నాయని తేలాక ఓటమిని ఒప్పుకున్న పెద్దమనిషి ఆయనే. అలాంటి గురువు దగ్గర శిష్యుడు మొదట నేర్చుకున్నది కూడా అదే పని, కోబాల్ట్ సమ్మేళనాలు. 1899లో కోబాల్ట్ ఆక్సలేట్ల మీద చేసిన పరిశోధనకు డాక్టరేటు వచ్చింది. ఆ పట్టా చేతికి వచ్చేలోపు ఆయన ఊరికే కూర్చోలేదు. పాలిటెక్నిక్ సంస్థ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేశాడు, దేశ భూగర్భ సర్వేలో పనిచేశాడు, నౌకాదళం ఓడల యార్డుకు సలహాదారుగా ఉన్నాడు. చదువు ఒక చేత్తో, సంపాదన ఒక చేత్తో నడిపాడు. వేసవి సెలవుల్లో మేస్త్రీ వెంట పనికి వెళ్లి ఫీజు కట్టుకున్న మనవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

1901లో ఆయన జీవితం మలుపు తిరిగింది. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ అనే పెద్ద బీరు కర్మాగారం ఉండేది. దాన్ని 1847లో జేకబ్‌సన్ అనే ఆయన స్థాపించాడు. బీరు సంగతి మనకు అనవసరం, వార్డెన్ గారు ఈ పేజీ చదువుతారు. మనకు కావలసింది 1875లో ఆ జేకబ్‌సన్ కర్మాగారం పక్కనే పెట్టిన ప్రయోగశాల. బార్లీ ఎలా మొలకెత్తుతుంది, పిండిపదార్థం చక్కెరగా ఎలా మారుతుంది, ఈస్టు ఆ చక్కెరను ఏం చేస్తుంది అన్నవి తేల్చడం దాని పని. అక్కడ తేలిన విషయం ఏదైనా, సిద్ధాంతానికి పనికివచ్చేదైనా వ్యాపారానికి పనికివచ్చేదైనా, రహస్యంగా దాచరాదని జేకబ్‌సన్ నియమం పెట్టాడు. పోటీ కంపెనీ వాడు చదువుకుని బాగుపడినా సరే అన్నమాట. కంపెనీ యజమాని అలాంటి నియమం పెట్టాడంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ప్రయోగశాలలో రసాయన విభాగానికి అధిపతిగా జోహాన్ కెల్డాల్ ఉండేవాడు. పదార్థంలో నైట్రోజన్ ఎంత ఉందో తేల్చే కెల్డాల్ పద్ధతి 1883లో ఆయన చెప్పిందే. కర్బన రసాయనంలో ఆ లెక్కలు మనం బోలెడు చేశాం. గింజల్లో, పాలల్లో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో తేల్చడానికి ఈనాటికీ ఆ పద్ధతి వాడుతున్నారు. కెల్డాల్ 1900లో చనిపోయాడు. ఆయన కుర్చీలో మరుసటి ఏడాది సోరెన్‌సెన్‌ను కూర్చోబెట్టారు. అప్పటికి సోరెన్‌సెన్ వయసు ముప్పై మూడు. 1938 దాకా, అంటే ముప్పై ఏడేళ్లు, ఆయన ఆ కుర్చీ వదలలేదు.

కోబాల్ట్ లవణాలు చేసిన మనిషి ఇక్కడికి వచ్చాక మాంసకృత్తులు, ఎమైనో ఆమ్లాలు, ఎంజైముల వైపు తిరగవలసి వచ్చింది. 1907లో ఫార్మాలిన్ కలిపి ఎమైనో ఆమ్లాలను టైట్రేషన్ చేసే పద్ధతి కనిపెట్టాడు. దాంతో మాంసకృత్తు ఎంతవరకు విరిగిందో అంకెల్లో చెప్పగలిగారు. ఆ దారిలోనే ఎంజైముల దగ్గర ఆయనకు ఒక చిక్కు ఎదురైంది.

ఎంజైములు పులుపుకు చాలా సున్నితమైనవి. ఆమ్లం కాస్త ఎక్కువైనా, కాస్త తక్కువైనా వాటి పని మందగిస్తుంది. ఆ కాలం పరిశోధకులు ద్రావణంలో ఎంత ఆమ్లం పోశామో రాసుకుని, ఇంత ఆమ్లం దగ్గర ఎంజైము బాగా పనిచేసింది అని ప్రకటించేవారు. వేరే ప్రయోగశాలలో వేరే ఆమ్లంతో చేస్తే లెక్క కుదిరేది కాదు. సోరెన్‌సెన్ పట్టుకున్న సంగతి ఇది. పోసిన ఆమ్లం ఎంత అన్నది ఒక ప్రశ్న, ద్రావణంలో నిజంగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లు ఎన్ని అన్నది వేరే ప్రశ్న. ఎంజైముకు కావలసింది రెండోదాని జవాబు.

ఇక్కడ ఒక ఉదాహరణ చూద్దాం. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం రెండు బీకర్లలో సమానంగా తీసుకోండి. రెండింటినీ తటస్థం చేయడానికి పట్టే సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కటే. కానీ మొదటి దానిలో ఆమ్లమంతా అయాన్లుగా విడిపోయి ఉంటుంది. రెండో దానిలో నూటికి ఒకటిన్నర వంతు కూడా విడిపోదు. అందుకే మొదటి దాని పీహెచ్ 1 అయితే రెండో దాని పీహెచ్ 2.9 దగ్గర ఉంటుంది. బ్యూరెట్ ఈ తేడా చూపించదు.

మరి ఏది చూపిస్తుంది? సోరెన్‌సెన్ హైడ్రోజన్ ఎలక్ట్రోడును వాడాడు. నల్లటి ప్లాటినం పూత ఉన్న ప్లాటినం ముక్కను ద్రావణంలో ముంచి, దాని మీదుగా హైడ్రోజన్ వాయువును బుడగలుగా పంపి, వచ్చే వోల్టేజీని కొలిచాడు. నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం ఈ వోల్టేజీ హైడ్రోజన్ అయాన్ల గాఢతతో పాటు నేరుగా పెరగదు. గాఢత పదిరెట్లు మారిన ప్రతిసారీ, 25 డిగ్రీల వద్ద, 0.059 వోల్టులు మారుతుంది. అంటే పరికరం తనంతట తానే సంవర్గమానంలో మాట్లాడుతోంది. 0.0000001 అని సున్నాలు లెక్కపెట్టుకుంటూ రాసే కన్నా ఆ ఘాతాన్నే తీసుకుని, మైనస్ గుర్తు వదిలేసి, 7 అని రాస్తే సరిపోతుంది. 1909లో ఎంజైముల మీద అచ్చువేసిన సుదీర్ఘ పరిశోధనా పత్రంలో ఆయన ఈ కొలతను ప్రవేశపెట్టాడు. మొదట పీ అక్షరం పక్కన కింద చిన్నగా హెచ్ రాశాడు. అచ్చులో సులువుగా ఉంటుందని తర్వాతి వాళ్లు రెండింటినీ ఒకే వరుసలోకి తెచ్చారు. ఆ పీ అంటే ఏమిటన్నది ఇప్పటికీ తెగలేదు. శక్తి లేక ఘాతం అనే అర్థమిచ్చే జర్మన్ మాట అని కొందరు, ఫ్రెంచి మాట అని కొందరు, ఆయన తన రెండు ద్రావణాలకు పెట్టుకున్న పీ, క్యూ గుర్తుల్లో ఒకటి మాత్రమేనని మరికొందరు అంటారు. ఆయన ఎక్కడా వివరించలేదు కాబట్టి పరీక్షలో ఎవరైనా అడిగితే అన్నీ రాసేయడమే మంచిది.

ఇక మా పాత లెక్కకు వద్దాం.

పీహెచ్ అంటే ద్రావణంలో ఉన్న మొత్తం హైడ్రోజన్ అయాన్ల సంగతి. అందులో మనం పోసినవి మాత్రమే ఉండవు. మేము చేసిన తప్పంతా ఇక్కడే ఉంది. నీళ్లు కూడా కొంచెం విడిపోతాయి. 25 డిగ్రీల వద్ద లీటరు స్వచ్ఛమైన నీటిలో 10⁻⁷ మోలుల హైడ్రోజన్ అయాన్లు, అన్నే హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. సుమారు 55 కోట్ల నీటి అణువుల్లో ఒకటి విడిపోయినట్టు. ఈ రెండు గాఢతల లబ్ధం 10⁻¹⁴. ద్రావణంలో ఏం కలిపినా ఈ లబ్ధం మారదు.

ఆమ్లం 10⁻² మోలార్ ఉన్నప్పుడు నీళ్లు ఇచ్చే అయాన్లను వదిలేసినా ఫరవాలేదు. సముద్రం ముందు చెంబెడు నీళ్లు. కానీ ఆమ్లం 10⁻⁸ మోలార్ అంటే అది ఇచ్చేవి నీటిలో ముందే ఉన్న వాటిలో పదో వంతు మాత్రమే. పదిమంది ఉన్న హాస్టల్ గదిలోకి కొత్తగా ఒక తమ్ముడు వస్తే, గదిలో ఉన్నది ఒక్కడే అని అటెండెన్సు వేసినట్టుంది మేము రాసిన 8. పైగా 8 అంటే క్షారం. మజ్జిగలో ఎన్ని నీళ్లు పోసినా పులుపు తగ్గుతుంది, చివరకు వట్టి నీళ్ల రుచి వస్తుంది. సున్నపు తేట మాత్రం కాదు. పలుచని మజ్జిగ గురించి మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు, అయినా పరీక్ష హాల్లో గుర్తుకు రాలేదు.

ఆ ముగ్గురిలో మిగిలిన ఇద్దరూ కాస్త తెలివిగా ఆలోచించారు. నీళ్లు ఇచ్చే 10⁻⁷కి ఆమ్లం ఇచ్చే 10⁻⁸ కలిపి 1.1 × 10⁻⁷ తీసుకుని, పీహెచ్ 6.96 అన్నారు. ఇది దాదాపు సరైనదే. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. ఆమ్లం నుండి వచ్చిన హైడ్రోజన్ అయాన్లు నీటి విఘటనాన్ని కాస్త వెనక్కి నెడతాయి. ఉమ్మడి అయాన్ ప్రభావం అని మనం చదివింది ఇదే. కాబట్టి నీళ్లు ఇప్పుడు పూర్తిగా 10⁻⁷ ఇవ్వవు, అంతకన్నా తక్కువ ఇస్తాయి.

ఎంత తక్కువ? మొత్తం హైడ్రోజన్ అయాన్ల గాఢతను ఎక్స్ అనుకుందాం. ద్రావణంలో ధనావేశం, రుణావేశం సమానంగా ఉండాలి. ధనావేశం ఉన్నవి హైడ్రోజన్ అయాన్లు ఒక్కటే. రుణావేశం ఉన్నవి క్లోరైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లు. క్లోరైడ్ 10⁻⁸ అని మనకు తెలుసు. కనుక హైడ్రాక్సైడ్ గాఢత ఎక్స్ − 10⁻⁸. రెండింటి లబ్ధం 10⁻¹⁴ కనుక,

ఎక్స్ × (ఎక్స్ − 10⁻⁸) = 10⁻¹⁴

ఇది పదో తరగతి వర్గ సమీకరణమే. సాధిస్తే ఎక్స్ విలువ 1.051 × 10⁻⁷ వస్తుంది. సంవర్గమాన పట్టికలో 1.051కి 0.0216 ఉంటుంది. 7 లోంచి తీసేస్తే పీహెచ్ 6.978, అంటే 6.98. ఏడుకు ఒక్క వెంట్రుకవాసి తక్కువ. ఆమ్లమే, కానీ పేరుకు మాత్రమే ఆమ్లం. సరి చూసుకోవాలంటే హైడ్రాక్సైడ్ గాఢత 0.951 × 10⁻⁷ అవుతుంది. రెండూ గుణించండి, 10⁻¹⁴ వస్తుంది.

ఇదే పద్ధతిలో ఆమ్లం 10⁻⁷ మోలార్ అయితే ఎక్స్ 1.618 × 10⁻⁷, పీహెచ్ 6.79 వస్తుంది. సూత్రం గుడ్డిగా వాడితే 7 అని, అంటే ఆమ్లం పోసినా తటస్థమే అని వచ్చేది. గణితం అంటే ఇష్టమున్న తమ్ముళ్లు ఈ 1.618ని ఇంకెక్కడో చూసే ఉంటారు. ఆమ్లం 10⁻⁶ మోలార్ అయితే పీహెచ్ 5.996, సూత్రం చెప్పే 6కి తేడా కనపడదు. కాబట్టి ఆమ్లం 10⁻⁶ గానీ అంతకన్నా గాఢంగా గానీ ఉన్నంత వరకు నీళ్లను మరచిపోవచ్చు. అంతకన్నా విలీనమైతే వర్గ సమీకరణం రాయక తప్పదు. 10⁻⁹ మోలార్ దగ్గర పీహెచ్ 6.998. ఎంత పలుచన చేసినా ఏడును చేరబోతూ ఉంటుందే తప్ప దాటదు. 10⁻⁸ మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అడిగితే ఇదే లెక్కను తిరగేయండి, 7.02 వస్తుంది.

ఏడు అనే అంకె కూడా రాతిమీద చెక్కిందేమీ కాదు. వేడి పెరిగితే నీళ్లు ఎక్కువగా విడిపోతాయి. సోరెన్‌సెన్ కొలతలు 18 డిగ్రీల వద్ద చేశాడు, అక్కడ తటస్థ బిందువు ఏడు కన్నా కొంచెం ఎక్కువ. మన ఒంటి వేడి, 37 డిగ్రీల వద్ద, అది 6.8 దగ్గర ఉంటుంది. అందుకే ప్రశ్నపత్రంలో ఉష్ణోగ్రత ఇచ్చారా లేదా అన్నది ముందు చూడాలి.

మరో మాట కూడా చెప్పాలి. ఈ 6.98 కాగితం మీద వచ్చే జవాబు. ఎవరైనా ల్యాబ్‌లో 10⁻⁸ మోలార్ ద్రావణం తయారుచేసి మీటరు పెడితే ఆ అంకె రాదు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ నీళ్లలో కరిగి కార్బోనిక్ ఆమ్లం ఇస్తుంది. గాలి తగిలిన స్వేదన జలం పీహెచ్ 5.6 దగ్గరికి దిగిపోతుంది. మనం లెక్కగట్టి పోసిన ఆమ్లం కన్నా గాలి తెచ్చి పోసిన ఆమ్లమే ఎన్నో రెట్లు ఎక్కువ అన్నమాట. ఇంత విలీన ద్రావణానికి తన పీహెచ్‌ను నిలబెట్టుకునే బలం ఉండదు, మనిషి ఊపిరి తగిలినా కదిలిపోతుంది.

ఈ ఇబ్బంది సోరెన్‌సెన్‌కు బాగా తెలుసు. ఎంజైములతో పనిచేసేటప్పుడు పీహెచ్ అటూ ఇటూ ఊగితే ప్రయోగం పాడవుతుంది. అందుకే 1909 నాటి పత్రంలో కొలతతో పాటు, పీహెచ్‌ను ఒకచోట నిలిపి ఉంచే బఫర్ ద్రావణాల పట్టికలు కూడా ఇచ్చాడు. గ్లైసిన్, ఫాస్ఫేట్, సిట్రేట్, బోరేట్ ద్రావణాలను ఏ పాళ్లలో కలిపితే ఏ పీహెచ్ వస్తుందో కొలిచి రాశాడు. హైడ్రోజన్ ఎలక్ట్రోడు కొనలేని వాళ్ల కోసం రంగు మారే సూచికలను పరీక్షించి, ఏది ఏ పీహెచ్ దగ్గర నమ్మదగినదో చెప్పాడు. ఖరీదైన పరికరం లేనివాడు కూడా రంగు చూసి పీహెచ్ చెప్పగలిగాడు. పీహెచ్ ప్రపంచమంతా పాకడానికి ఆ సూత్రం కన్నా ఈ పట్టికలూ రంగులే ఎక్కువ కారణమని మా అభిప్రాయం. చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ పీహెచ్ 4.5 ప్రాంతంలో, మన పొట్టలోని పెప్సిన్ 2 ప్రాంతంలో బాగా పనిచేస్తాయని ఇప్పుడు మనం పుస్తకంలో ఒక్క వాక్యంలో చదువుతున్నాం. ఆ వాక్యం రాయడానికి అంత పని జరిగింది.

ఆ తర్వాత ఆయన మాంసకృత్తుల వైపే ఉండిపోయాడు. కోడిగుడ్డు తెల్లసొనలోని ఆల్బుమిన్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, 1917లో ద్రవాభిసరణ పీడనం కొలిచి, దాని అణుభారం సుమారు 34 వేలని లెక్కగట్టాడు. మాంసకృత్తులు నిజంగా పెద్ద అణువులేనా అని రసాయన శాస్త్రజ్ఞులు ఇంకా తర్కించుకుంటున్న కాలమది. ఈ పనుల్లో ఆయన భార్య మార్గరెత కూడా ప్రయోగశాలలో పక్కన నిలబడి పనిచేసింది. పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు మాకు ఎక్కడా కనిపించలేదు.

తన కొలతను తానే సరిదిద్దుకోవడానికి కూడా ఆయన వెనుకాడలేదు. ఎలక్ట్రోడు కొలిచేది అయాన్ల గాఢతను కాదు, వాటి క్రియాశీలతను అని తర్వాతి కాలంలో తేలింది. 1924లో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ అనే తన యువ సహచరుడితో కలిసి పీహెచ్‌కు క్రియాశీలత ఆధారంగా కొత్త నిర్వచనం ఇచ్చాడు. అప్పటికి పాత నిర్వచనం వచ్చి పదిహేనేళ్లయింది, లోకమంతా దాన్నే వాడుతోంది. అంత విలీనమైన మన 10⁻⁸ ద్రావణంలో మాత్రం ఈ రెండింటికీ తేడా ఏమీ ఉండదు, అయాన్లు ఒకదానికొకటి అంత దూరంగా ఉంటాయి.

1930ల నడుమ అమెరికాలో బెక్‌మన్ అనే ఆయన నిమ్మరసం పులుపు కొలవడం కోసం ఒక మీటరు తయారుచేశాడు. గాజు ఎలక్ట్రోడుతో పనిచేసే ఆ పెట్టె వచ్చాక హైడ్రోజన్ బుడగల అవసరం తప్పింది. ఇవాళ కాలేజీ ల్యాబుల్లో, తాగునీటి ప్లాంట్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద కనిపించే మీటర్లన్నీ దాని మనవళ్లే.

సోరెన్‌సెన్‌కు నోబెల్ బహుమతి రాలేదు. 1938లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల నుండి పదవీ విరమణ చేశాడు. ఆయన కుర్చీలోకి లిండర్‌స్ట్రోమ్-లాంగ్ వచ్చాడు. 1939 ఫిబ్రవరి 12న, డెబ్బై ఒకటో ఏట, సోరెన్‌సెన్ కన్నుమూశాడు.

వర్గ సమీకరణంతో సహా ఈ లెక్కంతా ఒక తెల్లకాగితం మీద రాసి, మా గదిలో కిటికీ పక్కన ఉండిన మిత్రుడికి పంపించాం. ఉమ్మడి అయాన్ ప్రభావం దగ్గర ఇంకో సందేహం ఉందని వాడు మళ్లీ ఫోన్ చేశాడు.